శివారు కుళాయిలో నీటిని ఎవరు పరీక్షిస్తున్నారు?

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారములు. ఏటా వేసవిలో జరిగే డెల్టా కాలువల మూసివేత దగ్గరపడిన కొద్దీ మా ప్రాంతంలోని ప్రతి పంచాయతీ మంచినీటి చెరువు నింపుకునే పనిలో పడింది. ఏ చెరువు ఎంత నిండిందన్న దానిపై అధికారులు సమీక్షలు జరుపుతున్నారు. ప్రజాప్రతినిధులు వచ్చి గట్లు చూసి వెళుతున్నారు. ఇదంతా అవసరమే. కానీ ఆ నీరు చెరువు నుంచి బయలుదేరి ఊరి చివరి ఇంటి కుళాయికి చేరేసరికి తాగడానికి పనికి వస్తున్నదా లేదా అన్న మాట ఈ సమీక్షల్లో ఎక్కడా వినిపించడం లేదు. పశ్చిమ గోదావరి జిల్లాలో సముద్రానికి దగ్గరగా, కాలువ శివారున ఉన్న ఒక చిన్న గ్రామం మాది. నీటి నాణ్యత పరీక్షల్లో శిక్షణ పొందిన మా ఊరి డ్వాక్రా మహిళల్లో నేను ఒకదాన్ని. ఆ పనిలో నేను చూసిన విషయాలను, వాటి ఆధారంగా మేము కోరుతున్న ఒక చిన్న ఏర్పాటును మీ పత్రిక ద్వారా పాఠకుల ముందు, అధికారుల ముందు ఉంచాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

డెల్టాలో నీటికి కొదవ ఏమిటని మెట్ట ప్రాంతాల బంధువులు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువల్లో పారుతున్న గోదావరి నీరే మా పొలాలకూ మా గొంతులకూ ఆధారం. భూగర్భ జలాన్ని నమ్ముకునే వీలు మాకు లేదు. నరసాపురం, మొగల్తూరు, భీమవరం వైపు బోరు దింపితే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. కోనసీమ తీరంలోని ఇసుక దిబ్బల్లో వాననీరు ఇంకి పైపైన తియ్యని నీరు నిలుస్తుంది గాని, దాన్ని మోతాదు మించి తోడితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది. అందువల్ల తీరప్రాంత గ్రామాలన్నీ కాలువ నీటినే చెరువుకు ఎక్కించి, ఇసుక పడకల్లో వడకట్టి, ఓవర్‌హెడ్ ట్యాంకు ద్వారా ఇళ్లకు పంపుకోవలసి వస్తున్నది. మరో వనరు లేదు కాబట్టే ఈ ఒక్క వనరు విషయంలో ఏమరుపాటు పనికిరాదు.

కాలువ ఏ స్థితిలో ఉన్నదో మీ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. రాజమహేంద్రవరం పట్టణపు మురుగు ధవళేశ్వరానికి ఎగువనే గోదావరిలో కలుస్తున్నది. బ్యారేజీ దాటి కాలువల్లోకి వచ్చిన నీటిలో దారి పొడవునా ఊళ్ల మురుగు బోదెలు కలుస్తాయి, రేవుల్లో బట్టలు ఉతుకుతారు, పశువులను కడుగుతారు, కోళ్లఫారాల వ్యర్థాలను రాత్రిపూట తెచ్చి పోసేవారు కూడా ఉన్నారు. ప్రధాన కాలువ దగ్గర ఉన్న ఊళ్లకు ఈ బెడద కొంత తక్కువ. శివారుకు చేరే నీరు పైనున్న ఊళ్లన్నీ వాడగా మిగిలి, గుర్రపుడెక్క మధ్య నిదానంగా కదిలి వచ్చిన నీరు. సాగునీటి విషయంలో శివారు ఆయకట్టుకు జరిగే అన్యాయం గురించి మనం తరచుగా మాట్లాడుకుంటాము. తాగునీటిలోనూ అదే జరుగుతున్నదని, పైగా అక్కడ నష్టపోయేది పంట కాదని గుర్తించినవారు తక్కువ.

చేపల, రొయ్యల చెరువుల ప్రస్తావన లేకుండా మా ప్రాంతంలో నీటి గురించి మాట్లాడలేము. మా ఊళ్లో సగం కుటుంబాలకు ఏదో ఒక రూపంలో ఆ చెరువుల నుంచే జీవనం గడుస్తున్నది. మా ఇంట్లోనూ ఆ ఆదాయం ఉంది. కాబట్టి చెరువులను మూసేయమని నేను అనడం లేదు. అయితే చేపల, రొయ్యల పట్టుబడి అయిన తరువాత చెరువులోని మురికి నీటిని డ్రెయినులోకి వదలవలసిన చోట పంట బోదెలోకి, కాలువలోకి వదలడం చాలాచోట్ల మామూలైపోయింది. మేత వ్యర్థాలు, మందుల అవశేషాలు, రొయ్యల చెరువైతే ఉప్పు కూడా ఆ నీటితో కలిసి వస్తాయి. మంచినీటి చెరువు నింపుకునే రోజుల్లో ఇలా జరిగితే ఆ నీరే మండు వేసవి అంతా మా ఇళ్లకు వస్తుంది. కాలువ కట్టేసే ముందు వచ్చే చివరి వంతు నీటిని ఇంజన్లు పెట్టి చేపల చెరువులకు తోడుకోవడం, దానివల్ల శివారు మంచినీటి చెరువు సగానికే ఆగిపోవడం కూడా మాకు అనుభవమే. ఆ కొద్ది రోజులైనా నీటి పారుదల, మత్స్య, పంచాయతీ శాఖల సిబ్బంది కలిసి కాలువ మీద కాపలా ఉండాలి.

మంచినీటి చెరువు అని పేరు పెట్టినంత మాత్రాన అందులో మంచినీరు ఉండదు. చుట్టూ కంచె లేని చెరువులు, గేదెలు దిగే చెరువులు, గట్టు పక్కనే చెత్తకుప్పలు ఉన్న చెరువులు మన జిల్లాలో ఎన్ని ఉన్నాయో మీ విలేకరులు ఒక్క రోజు తిరిగితే తేలుతుంది. కొన్ని పంచాయతీలు ఆదాయం కోసం తాగునీటి చెరువునే చేపల పెంపకానికి వేలం వేస్తున్నాయి. పాటదారు చేపల ఎదుగుదల కోసం పేడ, ఎరువులు, మేత వేస్తాడు. అది అతని వ్యాపారం. అతనికి ఆ హక్కు ఇచ్చిన పంచాయతీనే అడగాలి. ఎరువు వల్ల నీటిలో నాచు పెరుగుతుంది, నీరు పచ్చగా మారి వాసన వస్తుంది, తరువాత ఆ నాచే ఫిల్టరు పడకలను మూసేస్తుంది. తాగునీటి చెరువును ఏ పేరుతోనూ వేలం వేయకూడదని జిల్లా కలెక్టరు ఒక్క ఉత్తర్వు ఇచ్చి గట్టిగా అమలు చేయిస్తే చాలా గ్రామాల్లో నీరు ఈ వేసవిలోనే మెరుగుపడుతుంది.

ఇసుక ఫిల్టరు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఊరి నీటిని కాపాడే మొదటి కోట అదే అయినా దాని గురించి తెలిసినవారు గ్రామాల్లో చాలా తక్కువ. సన్నని ఇసుక పడక మీద నీటిని నిలిపి, అతి నిదానంగా కిందికి దిగనిచ్చే పద్ధతి ఇది. చదరపు మీటరుకు గంటకు 100 నుంచి 200 లీటర్లకు మించి దిగకూడదు. మట్టిని ఇసుక ఆపుతుంది. రోగకారక క్రిములను మాత్రం ఎక్కువగా ఆపేది ఇసుక పైభాగాన కొన్ని రోజులపాటు పేరుకునే పలుచని జిగట పొర. మేలు చేసే సూక్ష్మజీవులతో కూడిన ఆ పొర నిత్యం తడిగా, నీటి కింద ఉంటేనే బతుకుతుంది. కరెంటు లేదనో మోటారు చెడిందనో పడకను ఎండబెడితే ఆ పొర చచ్చిపోతుంది. పొర మరీ మందమై నీరు దిగనప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుకను చెక్కి తీయాలి, ఆ తరువాత కొత్త పొర ఏర్పడే వరకు కొన్ని రోజులు ఆ నీటిని సరఫరాకు వదలకూడదు. అందుకే పడకలు రెండు ఉండాలి, ఒకటి శుభ్రం చేస్తున్నప్పుడు రెండోది పనిచేయాలి.

ఆచరణలో జరుగుతున్నది వేరు. రెండు పడకల్లో ఒకటి ఏళ్ల తరబడి మూలపడి ఉంటుంది. రెండోది పూడిపోయి నీరు దిగకపోతే ప్రజలు అల్లరి చేస్తారన్న భయంతో చెరువు నీటిని పక్క పైపు గుండా నేరుగా సంపులోకి తిప్పేస్తారు. ఇసుక చెక్కిన మరుసటి రోజే నీరు వదిలేస్తారు. ఇందులో ఆపరేటరును మాత్రమే నిందించడం న్యాయం కాదు. ఆ పని ఎందుకు, ఎలా చేయాలో అతనికి ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. సకాలంలో జీతం కూడా అందని మనిషిని పట్టుకుని, ఊరందరి ఆరోగ్యం నీ చేతిలో ఉందని పంచాయతీ సమావేశంలో గద్దించడం తేలిక.

ఇక క్లోరినేషను, అంటే క్రిములను చంపడానికి నీటిలో క్లోరిన్ కలపడం. ఫిల్టరు ఎంత బాగా పనిచేసినా చివరి రక్షణ క్లోరిన్‌దే. తేట నీరు, మంచి బ్లీచింగ్ పౌడరు అయితే 1000 లీటర్లకు సుమారు 2.5 గ్రాములు సరిపోతుంది. అంటే 40,000 లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. నీరు మురికిగా ఉంటే ఇంకా ఎక్కువ కావాలి. పొడిని బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైన తేరిన నీటిని ట్యాంకులో పోయాలి. కనీసం అరగంట, వీలైతే గంట ఆగాక వాల్వు తిప్పాలి. తాజా పొడిలో మూడో వంతు వరకు క్లోరిన్ ఉంటుంది. సంచి మూతి విప్పి తేమ తగిలేచోట పడేస్తే అది రోజురోజుకూ తగ్గిపోయి, చివరకు ఉత్త సున్నమే మిగులుతుంది. మా తీరప్రాంతపు ఉప్పుగాలిలో, వానకాలపు చెమ్మలో ఇది మరీ త్వరగా జరుగుతుంది. పంపుహౌసు మూలన విప్పి పెట్టిన సంచిలోంచి గుప్పిళ్ల లెక్కన తీసి ట్యాంకులో వేసి, ఆ వెంటనే వాల్వు తిప్పడం నేను ఒక్క మా ఊళ్లోనే కాదు, బంధువుల ఊళ్లలో కూడా చూశాను. ఇలా చేసినప్పుడు ట్యాంకు దగ్గరి ఇళ్లవారు మందు వాసన కొడుతున్నదని నీళ్లు పారబోస్తారు. చివరి వీధిలో మాత్రం క్లోరిన్ జాడే ఉండదు.

భారత ప్రమాణాల సంస్థ తాగునీటికి నిర్దేశించిన ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం నీటిలో మిగులు క్లోరిన్ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి, వైరస్ వ్యాధుల నుంచి రక్షణ అవసరమైనప్పుడు 0.5 ఉండాలి. 100 మిల్లీలీటర్ల నీటిలో మల కాలుష్యాన్ని సూచించే ఈ-కోలి బాక్టీరియా ఒక్కటి కూడా కనిపించకూడదు. మిగులు క్లోరిన్ అంటే నీటిలోని మలినాలతో పోరాడి ఖర్చయిపోగా ఇంకా మిగిలి ఉన్నది. అది ఉన్నంతసేపూ దారిలో పైపులోకి ఏదైనా చొరబడినా నీటికి కొంత కాపు ఉంటుంది. ఈ పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. చిన్న గొట్టంలో నీరు పట్టి మందు చుక్కలు వేస్తే వచ్చే రంగును పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూడడమే. చదువు పెద్దగా లేని మా సంఘంలోని అక్కలు కూడా తప్పు లేకుండా చేస్తున్నారు.

దారిలో పైపులోకి ఏముంది చొరబడటానికి అని అడిగేవారున్నారు. ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి మా చివరి ఇళ్లకు వచ్చే గొట్టాలు చాలాచోట్ల మురుగు కాలువ పక్కనే, కొన్నిచోట్ల మురుగులోంచే వెళతాయి. డెల్టాలో భూమి పల్లం. వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీరు ఊరుతుంది. అంటే ఏడాదిలో సగం కాలం మా పైపులు మురుగు నీటిలోనే నాని ఉంటాయి. రోజంతా నీరు వస్తూ ఉంటే లోపలి ఒత్తిడి వల్ల చిల్లులోంచి నీరు బయటికి పోతుందే తప్ప బయటి నీరు లోపలికి రాదు. మాకు ఉదయం కాసేపు, సాయంత్రం కాసేపు మాత్రమే నీరు వదులుతారు. వాల్వు కట్టిన తరువాత గొట్టం ఖాళీ అవుతూ లోపల శూన్యం ఏర్పడి, ప్రతి చిల్లు, ప్రతి వదులు జాయింటు బయటి మురికిని లోపలికి పీలుస్తాయి. మళ్లీ నీరు వదలగానే ఆ మురికి అంతా ముందుగా వచ్చి చేరేది పల్లపు వీధుల ఇళ్లకే. దీనికి తోడు కొందరు కుళాయి గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగుతారు. వారికి బిందె త్వరగా నిండుతుంది గాని ఆ లాగుడుకు లైనులోని ఒత్తిడి పడిపోయి మురుగు మరింతగా లోపలికి వస్తుంది. ఒత్తిడి చాలక గుంట తవ్వి, నేల మట్టానికి కింద కుళాయి పెట్టుకున్నవారి పరిస్థితి ఇంకా దారుణం. వాన పడితే ఆ గుంటలో కుళాయి మూతి మునిగే ఉంటుంది.

అందువల్లే ట్యాంకు దగ్గర చేసిన పరీక్ష, చివరి కుళాయి దగ్గర చేసిన పరీక్ష ఒక్కటి కావు. మా ఊళ్లో ట్యాంకు కింద కుళాయిలో క్లోరిన్ రంగు చక్కగా వచ్చిన రోజునే, ఊరి చివర పేటలో నీరు పట్టి చూస్తే రంగు ఏమాత్రం మారకపోవడం మేము మళ్లీ మళ్లీ చూశాము. నివేదికలోకి ఎక్కేది మాత్రం ట్యాంకు దగ్గరి ఫలితం. కాలనీలు, పేటలు ఎక్కువగా ఊరి చివరన, పల్లంలో ఉంటాయని, అక్కడ ఉండేది ఎవరో మీ పాఠకులకు తెలుసు. ఊరందరికీ మంచినీరు ఇస్తున్నామని కాగితం మీద రాసేటప్పుడు ఆ పేటల కుళాయి నీటిని చూడకుండా రాయడం నా దృష్టిలో అన్యాయం.

గత వానాకాలంలో జరిగిన ఒక సంగతి చెప్పక తప్పదు. బాక్టీరియా ఉందో లేదో తెలుసుకోవడానికి మాకు చిన్న సీసాలు ఇస్తారు. గుర్తు వరకు నీరు నింపి ఒకటి రెండు రోజులు ఉంచితే, మల సంబంధమైన కాలుష్యం ఉన్న నీరు నల్లగా మారుతుంది. చివరి పేటలో పట్టిన సీసా మరునాటికే నల్లబడింది. సంబంధిత సిబ్బందికి చూపిస్తే, సీసా సరిగా కడగలేదేమో, నీరు పట్టిన చెయ్యి శుభ్రంగా లేదేమో అన్నారు. ఆ సీసాలు కడగకూడదు, అవి శుద్ధి చేసి మూసి వస్తాయి. మళ్లీ పట్టాము, మళ్లీ నల్లబడింది. ప్రయోగశాలకు పంపుతామన్నారు. పంపారో లేదో, ఫలితం ఏమొచ్చిందో మాకు ఈనాటికీ ఎవరూ చెప్పలేదు. ఆ నెలలో ఆ పేటలో పిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. నీటి వల్లే అని నేను రుజువు చేయలేను. రుజువు చేయగలిగే పరీక్ష జరగకపోవడమే నా ఫిర్యాదు. ఆ తరువాత మా పరీక్ష కిట్టులోని మందులకు గడువు తీరిపోయింది, కొత్తవి రావడానికి చాలా కాలం పట్టింది. పరీక్ష చేసే ఆడవాళ్లు ఉండి, చేయడానికి మందు చుక్కలు లేక ఊరుకోవలసి వచ్చింది.

కలుషిత నీటి ఫలితం ఎలా ఉంటుందో మన రాష్ట్రం దూరం నుంచి తెలుసుకోవలసిన విషయం కాదు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి పలువురు ప్రాణాలు కోల్పోయారు. అతిసారం, టైఫాయిడ్, కొన్ని రకాల పచ్చకామెర్లు ఈ దారినే వస్తాయి. కామెర్లలో హెపటైటిస్-ఇ రకం గర్భిణులకు ప్రాణాంతకం కాగలదు. గోదావరికి వరద వచ్చి పల్లపు గ్రామాల్లో నీరు నిలిచినప్పుడు, వరద తీసిన తరువాతి వారాల్లో ఈ ప్రమాదం మరింత ఎక్కువ. 2022 జులై వరదల్లో లంక గ్రామాలకు పడవల మీద నీటి ప్యాకెట్లు పంపారు. నీరు తీసిన తరువాత పైపు లైన్లను ఎక్కువ మోతాదు క్లోరిన్ నీటితో కడిగి, పరీక్షించి, అప్పుడు సరఫరా మొదలుపెట్టడం కూడా సహాయ చర్యల్లో అంత ముఖ్యమైన భాగంగా ఉండాలి.

వాటర్ టిన్నులు ఉండగా కుళాయి నీటి గొడవ ఎందుకని చాలామంది అంటున్నారు. కలిగినవారు 20 లీటర్ల టిన్ను తెప్పించుకుంటున్నారు. రోజు కూలీ మీద బతికే ఇంట్లో తాగడానికి టిన్ను కొన్నా, వంటకు, బియ్యం కడగడానికి, పిల్లల నోరు కడగడానికి కుళాయి నీరే. నెల చివర డబ్బు చాలకపోతే తాగడానికీ అదే. పైగా టిన్నుల మీద మనం పెట్టుకున్న నమ్మకానికి ఆధారం చాలా వరకు ఒక టీడీఎస్ మీటరు. ఆ మీటరు నీటిలో కరిగిన లవణాలను మాత్రమే చూపుతుంది. అంకె తక్కువ వచ్చినంత మాత్రాన క్రిములు లేవని కాదు. ప్రమాణం ప్రకారం లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు లవణాలు ఉన్నా నీరు తాగవచ్చు. గోదావరి కాలువ నీటిలో లవణాలు సాధారణంగా అంతకంటే తక్కువే ఉంటాయి కాబట్టి ఆ నీటికి లవణాలను తొలగించే ఆర్వో యంత్రం అవసరం అసలే లేదు, వడపోత, క్లోరిన్ సరిగా ఉంటే చాలు. లవణాలు 500కు లోపు ఉన్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో ఆదేశించింది కూడా. ఆర్వో యంత్రం ప్రతి లీటరు మంచినీటికీ కొంత నీటిని వృథాగా బయటికి పంపుతుంది. చెరువు నీటిని పొదుపుగా వాడుకోవలసిన వేసవిలో ఇది చిన్న విషయం కాదు. బోరు ఉప్పగా ఉన్న గ్రామాల్లో ఆర్వో ప్లాంట్లు తప్పవు, ఆ సంగతి ఒప్పుకుంటాను. అయితే అక్కడ కూడా నింపే టిన్నును ఎలా కడుగుతున్నారు, నీటిని ఎవరు పరీక్షిస్తున్నారు అన్న ప్రశ్న అలాగే ఉంది.

మా అమ్మమ్మల కాలంలో కాలువ నీటిని కావిళ్లతో తెచ్చి, ఇండుపగింజ అరగదీసి కలిపి, తేర్చి, గుడ్డతో వడకట్టి తాగేవారు. ఇండుపగింజ, పటిక నీటిని తేట చేస్తాయి గాని క్రిములను చంపవు. ఈ రోజుకూ కుళాయి నీరు మడ్డిగా వస్తే పటిక తిప్పి తాగేస్తున్న ఇళ్లు ఉన్నాయి. పంచాయతీ సరఫరా బాగుపడే వరకు తాగే నీటిని తెర్లేలా కాచి, చల్లార్చి, మూత ఉన్న పాత్రలో పెట్టుకోవడం ఇంట్లో చేసుకోగల నమ్మకమైన పని. గ్యాసు ఖర్చు భరించలేని వారికి ఆ సలహా ఇవ్వడానికి కూడా నాకు మనసు రావడం లేదు.

నిధుల కొరత అన్న సమాధానం మాకు తరచుగా వినిపిస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు కేటాయించిన గ్రాంట్లలో 60 శాతం నిర్బంధ నిధులు, అంటే నిర్దేశించిన పనులకే వాడవలసినవి. అందులో సగం తాగునీటి పనులకు, సగం పారిశుద్ధ్యానికి ఖర్చు చేయాలన్నది నిబంధన. జలజీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించిన నాటి నుంచి ఇంటింటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్లు అన్న లక్ష్యంతో పాటు నీటి నాణ్యత పరీక్షలకు కూడా విడిగా వాటా ఉంది. ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు శిక్షణ ఇవ్వాలన్నదీ ఆ పథకంలోని నిబంధనే. కొత్త గొట్టాలు వేయడానికి కోట్లు కావాలి, నిజమే. కొత్త సంచి బ్లీచింగ్ పౌడరును మూత బిగించి పొడిచోట పెట్టడానికి, పరీక్షకు కావలసిన మందు చుక్కల సీసా కొనడానికి, ఆపరేటరుకు రెండు రోజుల శిక్షణ ఇవ్వడానికి కోట్లు అక్కరలేదు.

తాగునీరు పంచాయతీల బాధ్యతగా రాజ్యాంగం 11వ షెడ్యూలులోనే ఉంది. కలుషితం కాని నీటిని పొందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 1991లో సుభాష్ కుమార్ కేసులో చెప్పింది. కాబట్టి మేము అడుగుతున్నది ఎవరి దయా కాదు.

మేము కోరుతున్న ఏర్పాటు ఇది. ప్రతి గ్రామంలో ట్యాంకుకు అత్యంత దూరంగా, పల్లంలో ఉన్న ఒక కుళాయిని గ్రామసభలో అందరి ఎదుట ఎంపిక చేయాలి. నీరు వదిలిన ప్రతి రోజూ ఆపరేటరు, వారానికి ఒకసారి శిక్షణ పొందిన మహిళలు అక్కడ మిగులు క్లోరిన్ చూసి, తేదీతో సహా ఆ అంకెను సచివాలయం దగ్గర, అంగన్‌వాడీ దగ్గర, ఆ కుళాయి ఉన్న వీధి మొగలో బోర్డు మీద సుద్దముక్కతో రాయాలి. అంకె 0.2కు తగ్గితే ఆ రోజే కారణం వెతకాలి, సరిచేసే వరకు నీరు కాచుకోమని దండోరా వేయించాలి. సీసా నల్లబడితే 24 గంటల్లో నమూనా ప్రయోగశాలకు వెళ్లాలి, ఫలితం అదే బోర్డు మీదికి రావాలి. ఇప్పుడు మేము చేసే పరీక్షల వివరాలు ఫోనులోంచి ఎక్కడికో ఎక్కుతున్నాయి గాని, ఆ నీరు తాగే మనిషికి మాత్రం తెలియడం లేదు. పురుగుమందుల అవశేషాలను మా కిట్టు పట్టలేదు కాబట్టి, చెరువు నిండాక ఒకసారి, వరద తరువాత ఒకసారి జిల్లా ప్రయోగశాలే ఆ పరీక్ష చేసి ఫలితాన్ని పంచాయతీకి రాతపూర్వకంగా ఇవ్వాలి.

అంకె బయటికి వస్తే జనం భయపడతారని ఒక అధికారి నాతో అన్నారు. భయపడితే తప్పేమిటో నాకు అర్థం కాలేదు. తమ పిల్లలకు ఇస్తున్న నీటిలో క్లోరిన్ లేదని తెలిసిన తల్లి ఆ రోజు నీరు కాస్తుంది, మరునాడు పంచాయతీకి వెళ్లి అడుగుతుంది. మోటారు బిగించి నీరు లాగుతున్న ఇంటివారికి కూడా తమ పని వల్ల పొరుగు వీధికి ఏం జరుగుతున్నదో బోర్డు మీద కనిపిస్తుంది. మేము వెళ్లి చెబితే వినని వారు ఆ అంకె చూసి మోటారు తీస్తారని నా నమ్మకం.

సంపాదకుల వారికి నా చివరి మనవి. వరదల రోజుల్లో ధవళేశ్వరం వద్ద నీటిమట్టం ఎంత ఉందో, మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు దాటిందో లేదో మీ పత్రిక ప్రతి రోజూ ప్రచురిస్తుంది. లంకల్లోని వారు ఆ అంకె చూసే సామాను సర్దుకోవాలా వద్దా అన్నది నిర్ణయించుకుంటారు. అదే విధంగా కాలువలు కట్టేసి ఉండే వారాలన్నింటిలోనూ జిల్లా పేజీలో ఒక చిన్న పట్టిక వేసి, మండలాలవారీగా శివారు కుళాయిల్లో మిగులు క్లోరిన్ ఎంత వచ్చిందో, ఏ గ్రామంలో పరీక్షే జరగలేదో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. వివరాలు గ్రామీణ నీటి సరఫరా విభాగం వారు ఇవ్వాలి. వారు ఇవ్వకపోతే మా వంటి మహిళా సంఘాలు పంపడానికి సిద్ధంగా ఉన్నాయి. మా ఊరి అంకెలను వచ్చే సోమవారం నుంచి మీ జిల్లా కార్యాలయానికి పంపుతాము.

ఇట్లు,
గ్రామ నీరు, పారిశుద్ధ్య కమిటీ సభ్యురాలు,
పశ్చిమ గోదావరి జిల్లా